బంబును తిన్నది చింతపండు కాదు

పెద్దబాపు మన ఇంటి సామాన్ల జాబితా ఇక్కడ పెట్టినప్పటి నుంచి అందరూ చదువుతున్నారు, సంతోషం. తాత కాలం నాటి కంచు తాంబాళం, బాపమ్మ పెండ్లికి వచ్చిన ఇత్తడి బిందెలు, ధర్మాబాద్ నుంచి బండి మీద తెచ్చిన గంగాళం, అన్నీ గుర్తు పెట్టుకొని రాశారు. ఆ జాబితాలో ఒక వస్తువు దగ్గర ఇట్లా ఉంది: ‘రాగి బంబు, నాందేడ్ ఇల్లు. బీదర్ కోడలి చేతికి వచ్చినంక చిల్లు పడింది. తుక్కు.’

బీదర్ కోడలు అంటే మా అమ్మ.

పెద్దబాపు కోపంతో రాయలేదని నాకు తెలుసు. ఇంట్లో ముప్పై ఏండ్లుగా అందరూ అంటున్న మాటనే రాశారు. కానీ ఇప్పటిదాకా అది మాట. ఇక్కడ రాస్తే రికార్డు అవుతుంది. రేపు అమెరికాలో ఉన్న పిల్లలు చదివి, మన వంశంలో ఒక కోడలు తాతలనాటి బంబు పాడు చేసిందట అనుకుంటారు. అందుకని ఆ ఒక్క వాక్యం గురించే ఈ పోస్టు. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి. మధ్యలో విమానం ఇంజన్ దాకా పోయి వస్తాం.

ముందు పిల్లల కోసం: బంబు అంటే స్నానాల నీళ్లు కాగే రాగి పాత్ర. మరాఠీ ఇండ్లలో ‘బంబ్’ అంటారు, మనమూ అదే పేరు తీసుకున్నాం. నిలువుగా పీపాలాగా ఉంటుంది. నడుమ ఒక గొట్టం, ఆ గొట్టంలో కట్టెలు, బొగ్గులు వేసి మంట పెడతారు. చుట్టూ నీళ్లు. కింద బూడిద పడే తావు, పక్కన ఒక నల్లా. పైన చల్లనీళ్లు పోస్తుంటే కింద వేడినీళ్లు వస్తాయి. చలికాలం పొద్దున ఇరవై మంది స్నానం చేసిన ఇంట్లో దాని విలువ ఏమిటో ఇప్పుడు గీజరు నొక్కేవాళ్లకు చెప్పలేం.

అమ్మ మీద ఉన్న నేరాలు రెండు. ఒకటి, రోజూ చింతపండు వేసి మరీ గట్టిగా తోమింది, రాగి అరిగిపోయింది. రెండు, రాత్రి నీళ్లు ఒంపకుండా అట్లనే ఉంచింది. ‘మన దిక్కు గట్ల చెయ్యరు, బీదర్ దిక్కు చేస్తరేమో’ అని మేనత్తలు అనేవాళ్లు. అమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

పోయిన సంక్రాంతికి నాందేడ్ పోయినప్పుడు అటక మీద నుంచి బంబు దించి చూశాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా పనిలో ఏదన్నా పాడైతే ఎవరు పాడు చేశారని అడగం, ఎక్కడ పాడైందో చూసి రమ్మంటారు. చూశాను. రాగి రేకు ఎక్కడా చిల్లు లేదు. పైన చిలుము పట్టింది, అంతే. నీళ్లు పోసి చూస్తే కారేది ఒక్క చోటే, నల్లా దగ్గర. బంబు ఒంటికీ నల్లాకూ మధ్య రెండు వేళ్ల పొడవు పైపు ముక్క ఉంది, మరలు ఉన్న ముక్క. దాన్ని నిపుల్ అంటారు. అది ఉబ్బి, ఎర్రగా పొరలు పొరలుగా లేచి ఉంది. ఫ్రిజ్ మీద బొమ్మ అయస్కాంతం తెచ్చి పెట్టాను. బంబుకు అంటలేదు. నల్లాకు అంటలేదు. ఆ ముక్కకు టక్కున అంటుకుంది.

ఇనుము.

చిన్నబాపును అడిగితే గుర్తు చేసుకున్నారు. మొదట ఉన్నది ఇత్తడి నల్లా, రాగికి నేరుగా అతికించి ఉండేది. అమ్మ కాపురానికి రాకముందే ఒకసారి అది విరిగితే ఎవరో మిస్త్రీని పిలిచి కొత్త నల్లా వేయించారు. అప్పుడు పడ్డది ఆ ముక్క. అమ్మ వచ్చిన రెండేండ్లకు కారడం మొదలైంది.

ఇప్పుడు ఎందుకు కారిందో చెప్తాను. రెండు వేరు వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉండి, రెంటినీ ఉప్పూ ఖనిజాలూ కలిసిన నీళ్లు తడిపితే అది ఒక చిన్న బ్యాటరీ అవుతుంది. అందులో ఒక లోహం ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, ఇంకోటి పుచ్చుకుంటుంది. ఇచ్చేది కరిగిపోతుంది. పుచ్చుకునేది హాయిగా ఉంటుంది. ఎవరు ఇస్తారు, ఎవరు పుచ్చుకుంటారు అన్నదానికి ఒక వరస ఉంది. ఎక్కువ ఇచ్చే దిక్కు నుంచి చెప్తే మెగ్నీషియం, జస్తు, అల్యూమినియం, ఇనుము, సీసం, తగరం, ఇత్తడి, రాగి, వెండి. ఆ కొసన టైటానియం, కార్బన్, బంగారం. వరసలో ఎంత దూరం ఉంటే తగాదా అంత పెద్దది. ఇత్తడి, రాగి పక్క పక్కనే ఉంటాయి, అందుకే పాత నల్లా అన్ని ఏండ్లు నిలిచింది. ఇనుము, రాగి దూరం.

ఇంకో సంగతి ఉంది, నాకైతే ఇదే అసలుది. ఇచ్చేది ఎంత చిన్నగా ఉండి, పుచ్చుకునేది ఎంత పెద్దగా ఉంటే నష్టం అంత తొందరగా జరుగుతుంది. అంత పెద్ద రాగి బంబు అడిగిందంతా రెండు వేళ్ల ఇనుప ముక్క ఒక్కటే ఇవ్వాలి. దానికి తోడు వేడినీళ్లు, బోరు నీళ్లలోని లవణాలు. ఆ ముక్క మీద జస్తు పూత ఉండి ఉంటుంది, పూత ముందు పోయి ఉంటుంది, తర్వాత ఇనుము. రెండేండ్లు ఆగిందంటే చాలానే ఆగింది.

చింతపండు సంగతి కూడా చెప్పాలి కదా. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం రాగి మీద నల్లటి పొరను, చిలుమును కరిగిస్తుంది. దాంతోపాటు రాగి కూడా పోతుంది, కానీ చాలా కొంచెం. అట్లా చిల్లు పడాలంటే ముందు రేకు అంతా పలచబడాలి. ఈ బంబు రేకు ఇప్పటికీ వేలితో కొడితే గంటలాగా మోగుతుంది. రాత్రి నీళ్లు ఉంచడం వల్ల కొంత నష్టం జరిగి ఉండవచ్చు, ఒప్పుకుంటాను, కానీ నష్టపోయింది ఇనుమే. రాత్రిళ్లు ఒంపినా ఆ ముక్క పోయేదే, ఇంకొన్నాళ్లు ఆలస్యంగా.

ఈ తగాదా మన ఇంట్లో పుట్టింది కాదు. బ్రిటిష్ నౌకాదళం 1761లో అలార్మ్ అనే ఓడ అడుగుకు పురుగు పట్టకుండా రాగి రేకులు కొట్టించింది. రెండేండ్ల తర్వాత చూస్తే రాగి బాగానే ఉంది, కొట్టిన ఇనుప మేకులు చాలాచోట్ల తిని ఉన్నాయి. కొన్ని మేకులు మాత్రం చెడలేదు. రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ఆ మేకుల కింద చిక్కుకొని మిగిలిపోయింది. కాగితం అడ్డం ఉన్నచోట ఇనుము రాగికి తగలలేదు. ఎవరూ అనుకొని పెట్టింది కాదు, కానీ నివారణ మొత్తం ఆ కాగితంలోనే ఉంది. న్యూయార్క్‌లో 1886లో నిలబెట్టిన స్వేచ్ఛా విగ్రహానికి రాగి చర్మం, ఇనుప ఎముకలు. మధ్యలో ఆస్బెస్టాస్, లక్క పెట్టారు. ఏండ్లు గడిచి ఆ అడ్డం పాడైంది, ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, రాగి రేకుల రివెట్లను పీకింది. 1986 నాటికి ముగిసిన మరమ్మత్తులో ఆ ఇనుప పట్టీల బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వేసి, మధ్యలో టెఫ్లాన్ పెట్టారు.

ఇప్పుడు విమానం. నేను బీదర్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉండి కన్నడ మీడియంలో చదివానని మీకు తెలుసు. మా బడి మీదుగా ఎయిర్‌ఫోర్స్ విమానాలు పోతుంటే మాస్టరు పాఠం ఆపేవారు, వినబడదు కాబట్టి. 1996లో బీదర్‌లోనే మొదలైన సూర్యకిరణ్ దళం ఎర్రటి కిరణ్ విమానాలు తొమ్మిది కలిసి తిరిగేవి. అప్పటి నుంచి ఇంజన్ల గురించి ఏది దొరికినా చదువుతాను. బంబు చూసినంక నాకు గుర్తొచ్చింది పెద్ద విమానాల ఇంజన్ ముందుండే ఫ్యాన్.

మెట్లెక్కి విమానంలోకి పోయేటప్పుడు ఇంజన్ ముందు గుండ్రంగా కనబడే రెక్కలు అవే. ఇంజన్ తోపులో ఎక్కువ భాగం ఆ ఫ్యానే ఇస్తుంది. పాతకాలంలో ఆ రెక్కలు టైటానియంవి. ఫ్యాన్ పెద్దదయ్యేకొద్దీ బరువు పెరుగుతుంది. తేలిక కావాలంటే కార్బన్ నారతో చేయాలి, లేదా అల్యూమినియంతో. రోల్స్‌రాయిస్ కార్బన్ నార రెక్కను మొదట్లోనే ప్రయత్నించింది, పక్షి తగిలే పరీక్షలో అది నిలవలేదు. 1995లో సర్వీసులోకి వచ్చిన జీఈ90 ఇంజన్‌లో 22 కార్బన్ రెక్కలు నిలిచాయి. అందులో ఒక ఉపాయం ఉంది. రెక్క ముందు అంచుకు టైటానియం తొడుగు వేశారు. పక్షి, వడగళ్లు, ఇసుక, వాన, ఏది వచ్చినా మొదట తగిలేది ఆ అంచుకే కదా. తర్వాత వచ్చిన లీప్ ఇంజన్‌లో కార్బన్ నారను బట్టలాగా మూడు దిక్కులా నేసి రెక్క చేస్తారు, 18 రెక్కలే, దానికీ టైటానియం అంచే. మన పద్మశాలీల మగ్గం పని ఎక్కడిదాకా పోయిందో చూడండి. ఎయిర్‌బస్ ఎ320 నియోలకు వచ్చే ప్రాట్ అండ్ విట్నీ గేర్ ఇంజన్‌లో దారి వేరే. అక్కడ రెక్క అల్యూమినియం, లిథియం కలిపిన మిశ్రమం, అంచు టైటానియం.

పైన చెప్పిన వరస ఒకసారి చూడండి. కార్బన్, టైటానియం ఆ కొసనే దగ్గర దగ్గరగా ఉన్నాయి, వాటికి పెద్ద పేచీ లేదు. బోయింగ్ 787లో కార్బన్ ఎక్కువ కాబట్టి టైటానియం కూడా బరువులో 15 శాతం దాకా పెరిగింది, కార్బన్ పక్కన అల్యూమినియం పెడితే అల్యూమినియం పోతుందని. మరి అల్యూమినియం రెక్కకు టైటానియం అంచు అంటే? మన ఇనుప ముక్క, రాగి బంబు కథే. ఇక్కడ పోయేది రెక్క.

పోవడం కూడా కంటికి కనబడేచోట పోదు. తొడుగు కింద, సందులో. అక్కడ నీటి చుక్క చేరితే బయటికి రాదు, ఆరదు. అల్యూమినియం తిన్నచోట తెల్లటి బూడిదలాంటిది పుడుతుంది, అది అసలు లోహం కన్నా ఎక్కువ జాగా తీసుకుంటుంది. తొడుగును లోపల నుంచి పైకి లేపుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే రెక్క మీద అంచు లేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకని వాళ్లు చేసేవి వరసగా చెప్తాను. మొదట అల్యూమినియం పైనే ఆమ్లంలో కరెంటు పెట్టి గట్టి ఆక్సైడు పొర పుట్టిస్తారు, దాని మీద ప్రైమరు. తర్వాత తొడుగును జిగురుతో అతికిస్తారు. ఆ జిగురులో పలచటి గాజు నార బట్ట ఉంటుంది. జిగురు ఎక్కడా పలచబడి లోహం లోహానికి తగలకుండా ఆ బట్ట మధ్యలో నిలబడుతుంది. ఆ ఓడ మేకుల కింద చిక్కుకున్న కాగితం ఇదే, ఈసారి లెక్క వేసి పెట్టింది. తర్వాత సందు అంచులు నీళ్లు పోకుండా మూస్తారు. పైన పాలియురేథేన్ పూత.

పూత విషయంలో మనకు తోచేది ఒకటి, సరైనది ఒకటి. రెండు లోహాలు ఉంటే పాడయ్యేదానికే పూత వేయాలని తోస్తుంది. ఒక్క దానికే వేస్తే అది తప్పు. ఆ పూతలో గీత పడితే, గీత అంత చిన్నచోట మొత్తం పెద్ద లోహం ఆకలి తీర్చాలి, సూది పెట్టినట్టు లోతుగా తింటుంది. పుచ్చుకునే లోహాన్ని కూడా కప్పాలి. దాని ఆకలి తగ్గిస్తే ఇచ్చేదాని మీద భారం తగ్గుతుంది. ఇది చదివినప్పుడు కాసేపు ఆగిపోయాను. అంత పెద్ద ఇంట్లో అందరి పనీ ఒక్క కోడలి మీద పడడం గుర్తొచ్చింది, ఎందుకో.

ఇంకో చిక్కు ఉంది, మా టెస్టింగ్ వాళ్లకు బాగా అర్థమయ్యేది. రెక్కను అన్ని దిక్కులా కరెంటు పోకుండా మూసేస్తే, గాలీ దుమ్మూ రాసుకొని పుట్టే స్థిర విద్యుత్తు బయటికి పోయే దారి ఉండదు. తగలకూడదు, కానీ ఒక దారి ఉండాలి. రెండు షరతులూ ఒకదానికొకటి ఎదురే. అందుకని రెక్క మొదట్లో, డిస్కు దగ్గర, తెలిసి తెలిసి ఒక చిన్న దారి వదులుతారు. దారి ఎక్కడ పెట్టాలో వాళ్లే ఎంచుకుంటారు, నీళ్లకు వదిలేయరు. ఇవన్నీ అయినంక ఉప్పు పొగమంచు పరీక్ష. 5 శాతం ఉప్పునీళ్లు, 35 డిగ్రీల వేడి, మూసిన పెట్టెలో రోజుల తరబడి తుంపర కొడతారు. సముద్రం పక్కన విమానాశ్రయంలో ఏండ్లు పట్టే పనిని పెట్టెలో తొందర చేసి చూడటం అది.

ఇదంతా దూరం దేశాల సంగతి కాదు. టైటానియం మిశ్రమాలు చేసే మిధాని హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోనే ఉంది, 1973 నుంచి. ఇంకా దగ్గరికి రండి. మన నాందేడ్ హుజూర్ సాహిబ్ గురుద్వారా, 1832 నుంచి 1837 దాకా మహారాజా రంజిత్ సింగ్ కట్టించింది. పైన కలశం రాగి, దాని మీద బంగారు పూత. బంగారం వరసలో ఆ కొసన ఉంటుంది కాబట్టి పూత నిండుగా ఉన్నంతకాలం కింద రాగికి ఏమీ కాదు. సూదిమొన అంత రంధ్రం పడితే అక్కడ రాగి ఇచ్చేది అవుతుంది. మన పాత జస్తు బకెట్ దీనికి తలకిందులు. దాని మీద గీత పడినా జస్తు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. పైపూత గొప్పదైతే గీత పడేదాకానే కాపు. తక్కువదైతే గీత పడ్డ తర్వాత కూడా కాపు.

బీదర్ వాళ్లకు లోహాల సంగతి తెలియదని మాత్రం అనకండి. బిద్రి పని చూడండి. ఎక్కువ భాగం జస్తు, కొంచెం రాగి కలిపి పోత పోస్తారు, అందులో వెండి తీగ దిగ్గొడతారు. జస్తు, వెండి వరసలో ఎంత దూరమో చూశారు కదా. అయినా ఆ గిన్నెలు వందల ఏండ్లు నిలిచాయి. బీదర్ కోట మట్టి, నవసాగరం కలిపిన నీళ్లు పట్టిస్తే జస్తు పోత మాత్రమే నల్లబడుతుంది, వెండి తెల్లగా మెరుస్తుంది. ఆ నలుపు ఒక కాపు పొర. ఆపైన నూనె రాసి పొడిగా ఉంచుతారు. నీళ్లు లేకపోతే బ్యాటరీ లేదు. అమ్మ పెండ్లిలో తెచ్చిన బిద్రి గిన్నె ఇప్పటికీ మా ఇంట్లో కొత్తదానిలాగే ఉంది, ఆమె దాన్ని ఎప్పుడూ తడిబట్టతో తుడవలేదు.

పెద్దబాపు రాసిన ‘తుక్కు’ అన్న మాట చూసి మొదట నాకు ఇంకోటి అర్థమైంది. కన్నడలో తుక్కు అంటే తుప్పు. తెలుగులో తుక్కు అంటే పారేసే పాత సామాను. మరాఠీలో తుప్పును గంజ్ అంటారు. మన చిలుము కన్నడలో కిలుబు. 1956 దాకా బీదర్, నాందేడ్ రెండూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. ఆ ఏడు గీతలు గీసినంక ఒకటి మైసూరుకు పోయింది, ఒకటి బొంబాయికి. మన ఇండ్లలో మాత్రం పెండ్లిళ్లు ఆ గీతలు దాటి జరుగుతూనే ఉన్నాయి. వేరే భాష తగిలితే మన తెలుగు చెడిపోతుందని కాక అంటుంటాడు. లోహాల లెక్క మాటలకు పనికిరాదు కాకా. లోహం ఇచ్చిందంటే దాని దగ్గర తగ్గుతుంది. బంబు అన్న మాట మనకిచ్చి మరాఠీ ఏమీ పోగొట్టుకోలేదు.

ఇదంతా ఫోనులో అమ్మకు చెప్పాను. మొత్తం విని, ‘గిప్పుడు గవన్నీ ఎందుకు బిడ్డా’ అంది. కాసేపు ఆగి, ‘ఆ ముక్క ఇనుపదని అప్పుడే అన్న. ఎర్రనీళ్లు వచ్చేవి. ఎవరు విన్నరు?’ అంది. చింతపండుతో అంత గట్టిగా తోమింది కూడా అందుకేనట. ఎర్రమరకలు రాగి మీద కారుతుంటే అత్తగారు చూస్తారని.

పెద్దబాపూ, ఆ వాక్యం మార్చమని మీ మనవలందరి తరఫున నా మనవి. ‘నల్లా దగ్గర ఇనుప ముక్క పోయింది, రాగి బాగుంది’ అంటే చాలు.

చివరగా, ఇండ్లలో పనికొచ్చేవి నాలుగు మాటలు. సోలార్ హీటర్ వేయించేటప్పుడు రాగి పైపును జీఐ పైపుకు నేరుగా కలపనివ్వకండి. మధ్యలో కరెంటు ఆపే కప్లింగ్ అడగండి. మరల మీద చుట్టే తెల్ల టేపు నీళ్లు కారకుండా ఆపుతుంది, లోహాలు తగలకుండా ఆపుతుందని నమ్మలేం, మర బిగిస్తే అది తెగుతుంది. పాత ఇండ్లలో అల్యూమినియం తీగకు రాగి తీగ మెలిపెట్టి ఉంటే ఎలక్ట్రీషియన్‌కు చూపించండి, అక్కడ వేడి పుడుతుంది. పాత సామాను కొనేవాడు వస్తే ముందు అయస్కాంతం పెట్టి చూడండి, ఏది ఏమిటో తెలుస్తుంది.

బంబుకు ఇత్తడి నిపుల్ వేయిద్దామని చిన్నబాపు, నేను అనుకున్నాం. ఖర్చు పెద్దగా లేదు, ఎవరూ పంపక్కర్లేదు. పాత ఇత్తడి నల్లా, కొంగ మెడలాగా వంపు ఉండేది, మన ఇండ్లలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఎవరికన్నా కనబడితే తోమకుండా అట్లనే ఫోటో తీసి పంపండి.